110 న్యూటన్ మీటర్లు: ఒక సందర్భసహిత వ్యాఖ్య

మా కారు ముందు ఎడమ చక్రం దగ్గర 'టక్' అని ఒక చప్పుడు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఒకసారి, రివర్స్‌లో బ్రేకు వేసినప్పుడు ఒకసారి. పదకొండేళ్ళ కారు, చప్పుళ్ళు మామూలే. కానీ ఈ చప్పుడు వచ్చే చోటు నాకు బాగా తెలుసు. ఎనిమిది నెలల క్రితం అక్కడి బోల్టు బిగించింది నేనే.

అప్పుడు ఒక ఆదివారమంతా మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కూర్చుని కింది కంట్రోల్ ఆర్మ్ మార్చాను. చక్రాన్ని కారు చట్రానికి కలిపి ఉంచే ఇనుప చెయ్యి అది. గతుకులొచ్చినప్పుడు చక్రం పైకీ కిందకీ ఆడాలి, కానీ ముందుకో పక్కకో తప్పుకోకూడదు. ఆ రెండు పనులూ ఈ చెయ్యే చూసుకుంటుంది. చట్రం వైపు దాన్ని పట్టి ఉంచేవి రెండు బోల్టులు. కారును జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం ఊడదీసి, కొత్త ఆర్మ్ పెట్టి, మాన్యువల్లో చెప్పినట్టే టార్క్ రెంచ్‌ని 110 న్యూటన్ మీటర్లకు సెట్ చేసి, 'క్లిక్' మనేదాకా బిగించాను. ఆ క్లిక్ వినగానే పరీక్షలో జవాబు సరిపోయినంత సంతోషం. గ్యారేజీలో అయితే గాలి గన్నుతో బర్రుమని బిగించేసేవాళ్ళు, నేను లెక్క ప్రకారం బిగించాను అనుకున్నాను.

ఇప్పుడు మళ్ళీ విప్పి చూస్తే బోల్టు వదులు కాలేదు. దాని చుట్టూ ఉన్న రబ్బరు బుష్ మాత్రం సగానికి పైగా చిరిగిపోయి ఉంది. ఈ ఎనిమిది నెలల్లో మా ఆవిడ పాపని వెనక కూర్చోబెట్టుకుని ఈ కార్లోనే రెండుసార్లు విజయవాడ వెళ్ళొచ్చింది. ఆ రబ్బరు ముక్క చేతిలో పట్టుకుని ఆ సంగతి తల్చుకుంటే కడుపులో ఏదోలా అయింది. మాన్యువల్ మళ్ళీ తీశాను. 110 అక్కడే ఉంది. దాని పైన నేను చదవకుండా దాటేసిన వాక్యం కూడా అక్కడే ఉంది: చక్రాలు నేల మీద ఆని, బండి బరువు వాటి మీద పడ్డాకే ఈ బోల్టులు పూర్తిగా బిగించాలి అని దాని సారాంశం.

తెలుగు పరీక్షలో సందర్భసహిత వ్యాఖ్య అని ఒక ప్రశ్న ఉండేది, గుర్తుందా? ఒక పద్యపాదం ఇచ్చి ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఎప్పుడన్నారు రాయమనేవాళ్ళు. భావం ఒక్కటే రాస్తే సగం మార్కులు కోసేసేవారు. నేను చేసింది అదే. 110 అనే అంకెకి భావం రాశాను, సందర్భం వదిలేశాను. ఇప్పుడు ఆ సందర్భం రాద్దామని కూర్చుంటే అది మూడున్నర శతాబ్దాల వెనక్కి తీసుకెళ్ళింది.

*

ముందు, బోల్టు చేసే పనేమిటి? చాలామందిలాగే నేనూ బోల్టంటే ఒక మేకు లాంటిదనీ, రెండు ముక్కల మధ్య అడ్డంగా నిలబడి వాటిని కదలనివ్వదనీ అనుకునేవాణ్ణి. కాదు. బిగించిన బోల్టు సాగదీసిన స్ప్రింగు. అది సాగి, మళ్ళీ తన పొడవుకి రావాలని లాగుతూ, ఆ లాగుడుతో రెండు ముక్కల్నీ ఒకదానికొకటి అదిమి పెడుతుంది. వాటిని కదలకుండా ఆపేది ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడి.

సాగుదలకీ బలానికీ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని చెప్పినవాడు రాబర్ట్ హుక్. 1676లో ఆయన దీన్ని ఒక అక్షరాల చిక్కుముడిగా అచ్చువేశాడు. లాటిన్ వాక్యంలోని అక్షరాల్ని వరుస మార్చి పెట్టాడన్నమాట. కనిపెట్టింది తనేనని రుజువుండాలి, ఎదుటివాడికి మాత్రం అర్థం కాకూడదు. 1678లో ముడి విప్పాడు: ఎంత సాగితే అంత బలం. ఈ లెక్కన చూస్తే, నా పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు 110 దగ్గర సాగేది మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త ఎక్కువ. కంటికి ఆనదు. కానీ అంతమాత్రం సాగిన బోల్టు దాదాపు నాలుగున్నర టన్నుల బలంతో అదిమి పెడుతుంది. మా కారు లాంటివి నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినంత బరువు.

అసలు కావలసింది ఆ నాలుగున్నర టన్నులు. దాన్ని నేరుగా కొలవడానికి మామూలు పనిముట్లలో దారి లేదు. అందుకని తిప్పడానికి ఎంత బలం పట్టిందో కొలిచి, ఇంత సాగి ఉంటుందిలే అని ఊహిస్తాం. టార్క్ అంటే ఆ ఊహకి పెట్టిన అంకె.

*

అయితే ఇలాంటి అంకె ఒకటి రాయాలంటే ముందు ఒక ఊళ్ళో బోల్టూ ఇంకో ఊళ్ళో బోల్టూ ఒకటే అయి ఉండాలి. పందొమ్మిదో శతాబ్దం సగం దాకా అది లేదు. ఏ వర్క్‌షాపు మరలు ఆ వర్క్‌షాపువే. ఒకచోట చేసిన నట్టు ఇంకోచోటి బోల్టుకి ఎక్కదు. లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే మరలు కోసే లేత్‌ని మెరుగుపరిచి, ఒకేలాంటి మరలు మళ్ళీ మళ్ళీ కోయవచ్చని చూపించాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ వేర్వేరు వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీసి, 1841లో అందరికీ ఒకటే కొలత ఉండాలని ప్రతిపాదించాడు. ఆయన మర కోణం 55 డిగ్రీలు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ లేచి, 55 కొలవడం కోయడం కష్టం, 60 అయితే మామూలు పనివాడు కూడా చేసుకోగలడు అన్నాడు. అమెరికా 60కి వెళ్ళింది, బ్రిటన్ 55 దగ్గరే ఉండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన పోరాడుతున్న దేశాల బోల్టులు ఒకదానికొకటి సరిపోక నానా ఇబ్బందీ పడ్డాక, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా ఒక ఒప్పందానికి వచ్చాయి.

మా మేనమామకి విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డు ఉండేది. ఆయన పెట్టెలో పానాలు రెండు జాతులు. కొన్ని సూత్‌ల లెక్కవి, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున, కొన్ని మిల్లీమీటర్లవి. సెలవులకి వెళ్ళినప్పుడు ఆయన "మూడు సూతులది అందుకో అల్లుడూ" అంటే నేను వెతుక్కునేవాణ్ణి. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్‌కి మారింది కానీ పానాల పెట్టె మారడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఆ పెట్టెలో విట్‌వర్త్ కాలమూ, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కాలమూ పక్కపక్కన పడి ఉండేవని అప్పుడు నాకు తెలీదు. ఆ పెట్టెలో లేనిదల్లా టార్క్ రెంచ్. "బిగింపు చేతికి తెలుస్తుంది" అనేవాడు మామయ్య. ఇంజనీరింగ్ చదివాక ఆ మాట నాకు కాస్త నవ్వు తెప్పించేది.

*

చేతికి తెలియడం లేదని మొదట విసిగిపోయినవాళ్ళలో ఒకాయన కార్లవాడు కాదు, నీళ్ళ పైపులవాడు. కాన్రాడ్ బార్ న్యూయార్క్ నగర నీటి సరఫరా శాఖలో పనిచేసేవాడు. పెద్ద పైపులు ఒకదానికొకటి కలిసే చోట గుండ్రటి అంచు, దాని చుట్టూ బోల్టులు. అందులో ఒకటి గట్టిగా, పక్కది కాస్త వదులుగా ఉంటే అతుకు ఒక వైపుకి ఒరిగి నీరు కారుతుంది. ఒక్కో బోల్టు ఒక్కో బిగువులో కనబడి ఆయనకి చిరాకెత్తేది. బిగువు ఒక హద్దు దాటకుండా ఆపే పనిముట్టు 1918లోనే చేశానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. 1935లో జార్జ్ ఫెఫర్లేతో కలిసి పేటెంటుకి దరఖాస్తు చేసిన రెంచ్, అనుకున్న టార్క్ రాగానే చెవికి వినపడేలా తెలియజేసేది. నా సెల్లార్లో మోగిన క్లిక్ అక్కడి నుంచి వచ్చింది.

ఈలోగా కార్ల వైపు నుంచీ అదే అవసరం వచ్చింది. 1931లో జాన్ షార్ప్ అనే ఆయన టార్క్ కొలిచే రెంచ్‌కి పేటెంటు కోరాడు. అటూ ఇటూగా అదే కాలంలో వాల్టర్ క్రైస్లర్ కంపెనీలో ఇంకోరకం రెంచ్ తయారైంది. పొడుగాటి ఉక్కు కడ్డీ వంగుతుంటే, వంగని సూది ఒకటి స్కేలు మీద అంకె చూపించేది. క్రైస్లర్ దగ్గర లైసెన్సు తీసుకున్న పాల్ స్టర్టెవెంట్ 1938లో పేటెంటు తీసుకుని, ఈ రెంచ్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో బిగువు ఎంత అనే ప్రశ్నకి జవాబు పనివాడి మణికట్టులోంచి కాగితం మీదకి వచ్చింది. కాగితం మీదకి వచ్చాక ఊరు దాటింది, సముద్రం దాటింది. ఆ బోల్టు ఎన్నడూ బిగించని నాబోటి సాఫ్ట్‌వేరువాడు కూడా ఫోన్లో మాన్యువల్ పెట్టుకుని బిగించవచ్చు. ఇది చిన్న విషయమేమీ కాదు. ఒక ఉస్తాద్ దగ్గర పదేళ్ళు ఉంటే గానీ రానిది ఒక అంకెలో ఇమిడింది.

*

ఇమిడింది సరే, అంతా ఇమిడిందా?

రెంచ్ మీద మనం పెట్టే బలంలో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో నలభై శాతం మరల్లో రాపిడికి పోతుంది. బోల్టుని సాగదీయడానికి మిగిలేది సుమారు పదో వంతు. రాపిడి ఏమో హుక్ స్ప్రింగంత బుద్ధిమంతురాలు కాదు. దాని సూత్రాల్ని లియొనార్డో డావించీ తన నోటుపుస్తకాల్లో రాసుకుని అచ్చువేయకుండా వదిలేశాడు. గియోమ్ అమొంతోఁ 1699లో మళ్ళీ కనుక్కుని పారిస్ అకాడమీకి సమర్పించాడు. సూత్రాలు తెలిసినంత మాత్రాన తుప్పు పట్టిన మర మీద రాపిడి ఎంతో చెప్పలేం. అందుకే మంచి టార్క్ రెంచ్‌తో జాగ్రత్తగా బిగించినా అసలు బిగువు పాతికా ముప్ఫై శాతం అటో ఇటో ఉండవచ్చని ఇంజనీర్లు ముందే ఒప్పుకుంటారు.

నా బోల్టుకే లెక్క వేసి చూశాను. మరలు పొడిగా, శుభ్రంగా ఉంటే 110 దగ్గర సుమారు 46 కిలోన్యూటన్లు. అవే మరలకి మంచిదే కదా అని నూనె రాశామనుకోండి, అదే 110కి 60 దాటిపోవచ్చు. తల మీద 8.8 అని ముద్ర ఉన్న పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా మోయగలిగింది 50 చిల్లర. అంటే అదే అంకె, అదే క్లిక్, కానీ బోల్టు పాడైపోయింది. తుప్పు ఉంటే దీనికి తిరగబడుతుంది: క్లిక్ మంటుంది, బిగువు మాత్రం రాదు. 110 అనే మాటకి ముందు 'పొడిగా, శుభ్రంగా ఉన్న మరల మీద' అనే మాట కనబడకుండా ఉందన్నమాట. దీనికి విరుగుడుగానే ఇప్పుడు చాలా కార్లలో కొంత టార్క్ దాకా బిగించి, ఆ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమంటారు. మర ఎంత తిరిగితే బోల్టు ఎంత సాగుతుందో ఆ చివరి తిప్పులో రాపిడితో పెద్దగా పనిలేదు. అలా సాగుదల హద్దు దాకా తీసుకెళ్ళిన బోల్టుల్ని రెండోసారి వాడొద్దనీ, కొత్తవి వేయమనీ మాన్యువల్లో రాసి ఉంటుంది.

బిగువు చాలకపోతే ఏమవుతుందో 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు చూపించాడు. అంతవరకూ బోల్టు పొడవు దిశలో లాగీ వదిలీ ఊపితే అది వదులవుతుందని ఎక్కువగా ఆలోచించేవారు. యుంకర్ పక్కకి ఊపాడు. బిగించిన ముక్కలు పక్కకి కాస్త జారినా చాలు, ఆ క్షణంలో మరల మీద రాపిడి పట్టు సడలుతుంది. మర ఏటవాలుగా ఉంటుంది కాబట్టి బోల్టు తనంతట తను కొంచెం వెనక్కి తిరుగుతుంది. ఇలా కొన్ని వందల ఊపులకే బిగువంతా పోవచ్చు. ఆయన యంత్రమే ఇవాళ్టికీ ప్రామాణిక పరీక్ష. సస్పెన్షన్ బోల్టు మీద పడే బలమంతా పక్క నుంచే: బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, గుంతలో పడినా. అందుకే అక్కడ అంత పెద్ద అంకె.

*

ఇన్ని తెలుసుకున్నా నా బుష్ ఎందుకు చిరిగిందో ఇంకా చెప్పలేదు. నా బోల్టు బిగువు సరిగ్గానే ఉంది. నిజానికి అదే నా కొంప ముంచింది.

పాత బండ్లలో ఇలాంటి కీలుకి గ్రీసు పెట్టేవారు. ఇనుము మీద ఇనుము తిరిగేది, వారం వారం గ్రీసు గన్నుతో తిరగాల్సి వచ్చేది. కార్లలోకి రబ్బరు వచ్చాక ఆ బాధ తప్పింది. ఇంజను కిందకి రబ్బరు ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు, 1931లో ప్లిమత్ కారు 'ఫ్లోటింగ్ పవర్' అంటూ దాన్ని పెద్ద ఎత్తున ప్రచారం చేసుకుంది. సస్పెన్షన్ కీలుకి వాడే రబ్బరు బుష్‌లో బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక ఇనుప గొట్టం, రెంటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు. బోల్టు లోపలి గొట్టాన్ని చట్రానికి కదలకుండా బిగించేస్తుంది. ఆర్మ్ పైకీ కిందకీ ఆడినప్పుడు ఏదీ ఏదాని మీదా జారదు. రబ్బరు మెలి తిరుగుతుంది, మళ్ళీ విడుతుంది. అంతే.

ఇప్పుడు నేను చేసింది చూడండి. కారు గాల్లో ఉంది, ఆర్మ్ కిందకి వేలాడుతోంది. ఆ స్థితిలో నాలుగున్నర టన్నులతో లోపలి గొట్టాన్ని బిగించేశాను. ఇక ఆ రబ్బరుకి విశ్రాంతి అంటే చక్రం వేలాడుతున్నప్పుడే. జాకీ దించగానే బండి బరువుకి ఆర్మ్ పైకి లేచింది, రబ్బరు మెలిపడింది. సెల్లార్లో రాత్రంతా నిలబడి ఉన్నా అది మెలిపడే ఉంది. గుంత వస్తే ఇంకా మెలి. ఎనిమిది నెలలు ఓర్చుకుని చిరిగింది.

చేరుకోలేని చోటు బోల్టుల సమస్య కూడా ఇక్కడే పుట్టింది. కారు ఎత్తి ఉంటే చెయ్యి హాయిగా దూరుతుంది, కానీ అప్పుడు బిగించకూడదు. నేల మీద ఉంటే బిగించాలి, కానీ అప్పుడు చెయ్యి దూరదు. అందుకని ఈసారి చక్రం ఊడదీయకముందే, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాను. కొత్త బుష్ వేసి, బోల్టులు చేత్తో తిరిగేంత వరకే పెట్టి, రెండో జాకీని ఆర్మ్ కింద పెట్టి నెమ్మదిగా లేపాను, ఆ కొలత వచ్చేదాకా. వాచ్‌మన్ టార్చి పట్టుకున్నాడు.

ముందు బోల్టుకి రెంచ్ నేరుగా అందింది. వెనక బోల్టుకి సాకెట్ దూరలేదు. దానికి కాకి పాదంలా ఉండే ఒక చిన్న ముక్క రెంచ్ చివర తగిలించాలి. దాంతో రెంచ్ పొడవు పెరుగుతుంది, కాబట్టి అంకె తగ్గించాలి. నా రెంచ్ ఇరుసు నుంచి పిడి మధ్యకి 400 మిల్లీమీటర్లు, తగిలించిన ముక్క 50. 110ని 400తో హెచ్చించి 450తో భాగిస్తే సుమారు 98. రెంచ్ మీద 98 పెడితే బోల్టు మీద 110 పడుతుంది. అదే ముక్కని రెంచ్‌కి అడ్డంగా, తొంభై డిగ్రీల్లో తగిలిస్తే ఈ సవరణ అక్కర్లేదు. అంటే పుస్తకంలో 110, నా చేతిలో 98. రెండూ నిజమే. క్లిక్ మన్నాక, ఆ బోల్టు తల మీదా పక్కన చట్రం మీదా కలిపి పెయింటు పెన్నుతో ఒక గీత గీశాను. గీత విరిగితే బోల్టు తిరిగిందని అర్థం.

*

ఆ రాత్రి మామయ్యకి ఫోన్ చేశాను. షెడ్డు మూసేసి చాలా ఏళ్ళయింది. జరిగిందంతా చెప్పాను, హుక్కూ యుంకరూ తప్ప.

"గాల్లో పెట్టి బిగించావా!" అన్నాడు ముందు. తర్వాత, "కమాను కట్టలు మార్చినప్పుడు యూ బోల్టులు షెడ్డులో బిగించి పంపేవాణ్ణి కాదురా పూర్తిగా. మొదటి లోడు ఎక్కించుకుని కాస్త దూరం వెళ్ళి రమ్మనేవాణ్ణి. వచ్చాక లోడుతోనే మళ్ళీ బిగించేవాణ్ణి. నువ్వు చిన్నప్పుడు చూశావుగా" అన్నాడు.

చూశాను. అన్నం తినే వేళకి లోడు లారీ తిరిగొచ్చేది. చెయ్యి కడుక్కోబోతున్నవాడల్లా ఆగి, పానా తీసుకుని కిందకి దూరేవాడు. అన్నం చల్లారిపోతోందని అత్తయ్య కేకలేసేది. ఆయన లోడు దిగనివ్వకుండా ఎందుకు పట్టుబట్టేవాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆయనకి అంకె తెలీదు, నిజమే. ఎన్ని టన్నులో అడిగితే చెప్పలేడు. ఆయన చేతి బిగువు రోజుకో రకంగా ఉండి ఉండవచ్చు, కాన్రాడ్ బార్ ఫిర్యాదు అదే. నేను పాత చేతి పని గొప్పదని చెప్పబోవడం లేదు. ఆయన వదిలేసినవి వేరే ఉంటాయి. కానీ బండి ఏ స్థితిలో ఉన్నప్పుడు బిగించాలి అనేది ఆయన మర్చిపోలేదు, ఎందుకంటే ఆయనకి బిగింపూ బండీ వేర్వేరుగా ఎప్పుడూ ఎదురవలేదు. నాకు అంకె విడిగా దొరికింది. విడిగా దొరికింది కాబట్టే విడిగా వాడాను.

"ఒక వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆ గీత చూడు" అన్నాడు మామయ్య. వచ్చే నెల సంక్రాంతికి అందరం విజయవాడ వెళ్తున్నాం. బయల్దేరే ముందు సెల్లార్లో ఒకసారి, అక్కడ మామయ్య ఇంటి ముందు ఒకసారి చూస్తాను. ఆయన ఎలాగూ కిందకి వంగి చూడకుండా ఊరుకోడు.